మూడో గిన్నె ఆలుగడ్డ

ఆషాఢం, ఆదివారం. ఇవాళ అయిన పనులు: బియ్యం ఏరాను. రెండు చీరలు ఉతికి ఆరేశాను. యాభై నిమ్మకాయలు కోసి ఉప్పు పట్టించాను. తమ్ముడు వస్తే గంజి కాచాను.

జాడీలో నిమ్మముక్కలు అప్పుడే ఊట వదిలాయి... నేను ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. ఎనభై ఏడేళ్లు వచ్చినా ఆ ఊట చూస్తే నా గుండె ఝల్లుమంటుంది. ఎందుకో చెబుతుంటే మనవరాలు ఫోన్‌లో టైపు చేస్తోంది.

మా చిన్నప్పుడు... నైజాం కాలంలో, బాన్సువాడ బడిలో మా తరగతికి ఆడపిల్లలం ముగ్గురమే. ఒకరోజు సార్ ఆలుగడ్డ తెచ్చి పలచగా కోశారు. ఒక ముక్కను మంచినీళ్ల గిన్నెలో వేశారు. ఇంకోదాన్ని పిడికెడు ఉప్పు కలిపిన నీళ్లలో వేశారు. లెక్కలు చెప్పడం అయ్యాక రెండూ తీసి మా చేతుల్లో పెట్టారు. మంచినీళ్ల ముక్క గట్టిగా, వంచితే టక్కున విరిగేలా ఉంది. ఉప్పునీళ్ల ముక్క... తడిగుడ్డలా నా వేలికి చుట్టుకుంది.

"గడ్డ లోపట కంటికి కనబడని అరలు ఉంటయి. ఒక్కో అరకు సన్నటి పొర. బయట ఉప్పు ఎక్కువుంటే లోపలి నీళ్లు పొర దాటి పోతయి. మన ఒంట్ల గూడ గసొంటి అరలే," అన్నారు సార్.

వెనక నుంచి ఒకడు లేచాడు. "సార్, మా తాత దినాం ఉప్పుచేప తింటడు. ఎండిపోతడా?"

అందరం నవ్వాం. సార్ కూడా నవ్వారు. "తిననియ్యి, చూద్దాం" అంటుండగానే గంట కొట్టారు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు...

ఆ వానాకాలం ఊళ్లో గత్తర ఉంది. కలరాను మా వైపు అలాగే అంటాం. ఇంట్లో మాత్రం ఆ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. 'ఆమె వచ్చింది' అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆలుగడ్డ పాఠం విన్న మర్నాడు మధ్యాహ్నానికి మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. వాడికి రెండేళ్లు. అమ్మ కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. నాయన హకీం కోసం బండి కట్టుకుని బోధన్ వెళ్లాడు, తెల్లారితే గాని రాడు. ఇంట్లో మా అవ్వ, నేను, వాడు...

అవ్వ గంజి కాచింది. నేను చూస్తుండగానే అందులో ఉప్పు వేసింది.

"గంట గంటకు ఒక గిన్నె పట్టియ్యి బిడ్డా. నేను పెరట్ల గుడ్డలు ఉడకబెడ్త," అని వెళ్లిపోయింది.

వాడి చెయ్యి పట్టుకుని చూశాను. వేళ్లు ముడతలు పడ్డాయి. మెత్తగా, చల్లగా... నిన్నటి ఉప్పునీళ్ల ముక్కే!

ఆ గంజి తాగితే మిగిలిన నీళ్లు కూడా పోతాయి కదా... మంచినీళ్లలో ముక్క గట్టిపడింది కదా... అవ్వ చూడకుండా గిన్నె తీసుకెళ్లి గేదె కుడితి తొట్టిలో పారబోశాను. వాడికి వట్టి నీళ్లు పట్టాను. రెండో గిన్నె అలాగే. మూడోదీ అలాగే.

దీపాలు పెట్టే వేళకు వాడి కళ్లు గుంటలు పడ్డాయి. నోరు తెరిచి ఏడ్చాడు... చప్పుడు లేదు, కన్నీళ్లూ లేవు. మధ్యాహ్నం నుంచి ఉచ్చ కూడా పోయలేదు. నేను తమ్ముణ్ణి కాపాడుతున్నానా, చంపుతున్నానా?

అప్పుడే పెరట్లోంచి అవ్వ గొంతు వినిపించింది. "గీ కుడితిల గంజి ఎవలు పోసిండ్రు?"

పరుగెత్తి అవ్వ కాళ్లు పట్టుకున్నాను. "నేనే అవ్వా... సారు పిడికెడు ఉప్పునీళ్లల ఏస్తె ఆలుగడ్డ మెత్తబడ్డది... ఉప్పు వాని నీళ్లన్ని గుంజుతదని..."

కొడుతుందనుకున్నాను. అవ్వ కొంగుతో నా కన్నీళ్లు తుడిచి, తడిసిన ఆ కొంగునే నా నాలుకకు తాకించింది.

"ఎట్లున్నది?"

"ఉప్పగ..."

"నీళ్లు పోతె ఉప్పు గూడ పోతది బిడ్డా. పోయినయి రెండూ మళ్ల పొయ్యాలె. నీ సారు పిడికెడు ఏసిండు, నేను చిటికెడు ఏసిన. చిటికెడు వేరు, పిడికెడు వేరు."

నాలుగో గిన్నె ఇద్దరం కలిసి చెంచా చెంచాగా పట్టాం. గిన్నె అయినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో గీత గీశాను. ఏది ఎంత, ఎన్నిసార్లు అని రాసి పెట్టుకునే అలవాటు నాకు ఆ గోడ మీదే మొదలైంది. ఏడో గీత గీసి వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నానో లేదో, నా పరికిణీ వెచ్చగా తడిసింది.

"పోసిండు! నా బంగారం ఉచ్చ పోసిండు!" అని అవ్వ నవ్వుతూ ఏడ్చింది.

మళ్లీ బడికి వెళ్లాక సార్‌కి అంతా చెప్పాను. మర్నాడు బల్ల మీద మూడు గిన్నెలు పెట్టారు... వట్టి నీళ్లు, చిటికెడు ఉప్పు, పిడికెడు ఉప్పు. చిటికెడు ఉప్పు నీళ్లలో వేసిన ముక్క కోసినప్పుడు ఎలా ఉందో, దాదాపు అలాగే ఉంది.

"మొన్న రెండు గిన్నెలే చూపించిన. గల్తీ నాది బిడ్డా," అన్నారు తరగతి అందరి ముందు.

ఇప్పుడు ఏ దవాఖానకు వెళ్లినా ఉప్పు, చక్కెర కొలిచి కట్టిన పొట్లం చేతిలో పెడతారు. ఎన్ని నీళ్లు కలపాలో దాని మీదే ఉంటుంది. మంచిదే... కానీ అవ్వ రెండు వేళ్ల మధ్య పట్టే ఆ చిటికెడు కొలత ఇప్పుడు ఎవరి చేతికి తెలుసు? సగం నేర్చుకున్న పాఠం మీలో ఎవరినైనా ఇలా భయపెట్టిందా? రాయండి, చదివించుకుని వింటాను.

మా తమ్ముడు ఎప్పుడు వచ్చినా ఒకటే మాట. "అక్కా, నా మూడు గిన్నెలు బర్రెకు పోసినవు. బాకీ ఎప్పుడు తీరుస్తవు?"

ఇవాళ కాచి పోశాను. చిటికెడు ఉప్పు వేసి. మూడు గిన్నెలూ వరసగా తాగి, మూతి తుడుచుకుని నవ్వాడు.

పారబోసిన గంజి, మూడు గిన్నెలు... చెల్లు.