మునగనన్న సబ్‌మెరైన్ కెప్టెన్, మా నూకరాజు బావ

నిన్న పొద్దున్న రైతుబజారులో వంకాయలు ఏరుకుంటుంటే ఫోన్ వచ్చింది. నూకరాజు బావ కొడుకు.

"మావా, నాన్న పోనాడు."

నిద్రలోనే పోయాడట.

కూరల సంచి అక్కడే వదిలేసి పరుగెత్తాను. కళ్ళతో చూసి వచ్చాక కూడా నమ్మబుద్ధి కావడం లేదు. బావ అంత సులువుగా పోయే రకం కాదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఒకప్పుడు ఊరంతా చూస్తుండగా నేనే చంపబోయాను. చావనని మొండికేశాడు.

కంగారు పడకండి, చెబుతాను.

డెబ్భై ఒకటి యుద్ధంలో మన విశాఖ తీరంలో శత్రు సబ్‌మెరైన్ మునిగింది కదా. తర్వాత కొన్నేళ్ళకి జాలరిపేట కుర్రాళ్ళకి ఒక ఐడియా వచ్చింది. ఏటా డిసెంబర్లో ఒక శని, ఆదివారాలు యుద్ధం మొత్తం మళ్ళీ చేసి చూపిద్దామని.

శనివారం సాయంత్రం బ్లాకౌట్. సైరన్ బదులు కంచాల మోత. దీపాలన్నీ ఆర్పేసి, కిటికీలకి నల్ల కాగితాలు అంటించి, ఆ రోజుల్లో ఎలా భయపడ్డారో పెద్దవాళ్ళు పిల్లలకి చేసి చూపించేవారు. ఒక ముసలమ్మయితే అప్పట్లో శత్రువుని తిట్టిన తిట్లన్నీ పొల్లుపోకుండా మళ్ళీ తిట్టేది. ఆవిడ ఐటెంకి మంచి డిమాండ్ ఉండేది.

ఆదివారం పొద్దున్న సముద్రం మీద యుద్ధం.

మన నేవీ కమాండర్ని నేను. కంచరపాలెం వాడిని, ఈత రాదు. కానీ పోర్టులో ఉద్యోగం. పైగా తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా రెండూ ఉన్నది నాకొక్కడికే.

శత్రు కెప్టెన్ వేషం ఎవరికీ వద్దు. నూకరాజు బావే ముందుకొచ్చాడు.

"పడవ నాది. కెప్టెన్ని నానే."

ఆ పడవకి నల్ల టార్పాలిన్ కప్పి, మధ్యలో ఒక పొగగొట్టం నిలబెడితే అదే సబ్‌మెరైన్. ఒడ్డున మావాళ్ళు లక్ష్మీబాంబులు పేల్చగానే బావ ఒక చావుకేక పెట్టి, నీళ్ళలో పడి, చేతులు కొట్టుకుంటూ మునిగిపోవాలి. ఎంత బాగా చచ్చేవాడంటే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు.

ఒక ఏడాది బావకి పూడిమడక ఊరి సంబంధం కుదిరేలా ఉంది. పిల్ల పేరు పోలమ్మ. బావ ఒక్కసారి చూసి వచ్చి అన్నం మానేశాడు. ఈ సంబంధం తప్పిపోతే ఇంక పెళ్ళే వద్దన్నాడు. సరిగ్గా ఆ ఆదివారమే పోలమ్మా, వాళ్ళ నాన్నా మన యుద్ధం చూడ్డానికి వచ్చారు.

కాబోయే మావకి ఎవరో కథంతా చెబితే ఆయన అన్నది ఒకటే మాట.

"సముద్దరం మీద బతికేవోలు ఉత్తుత్తికైనా మునగకూడదు."

ఈ మాట బావ చెవిన పడింది. మాకు చెప్పలేదు.

బాంబులు పేలాయి. జనం ఈలలు వేశారు. బావ మాత్రం పడవలో నిటారుగా నిలబడి మీసం సర్దుకుంటున్నాడు.

"బావా, మునుగు!" అని ఎదురుగా ఉన్న మా నేవీ పడవలోంచి అరిచాను.

"నాను మునగను."

"ఏటైంది నీకు? బాంబులైపోతన్నాయి!"

"మావ సూత్తన్నాడ్రా బావా!"

ఒడ్డున మైకు మా రహీమ్ భాయ్ చేతిలో ఉంది. పాత ఊళ్ళో టైలరు, రెండు దేశాల యూనిఫారాలూ ఆయనే కుట్టాడు. ఆయన ముందు అనుకున్నట్టే "శత్రు సబ్‌మెరైన్ మునిగిపోయింది! చప్పట్లు!" అని ప్రకటించేశాడు.

మునిగిపోయిన కెప్టెన్ జనానికి దండం పెట్టాడు.

మళ్ళీ బాంబులు పేల్చారు. మునగలేదు. పోనీ లొంగిపో, తెల్లగుడ్డ ఊపు అని బతిమాలాను.

"లొంగిపోయినోడికి పిల్లనెవులిత్తార్రా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "గుద్దేయండి!" అని ఆర్డర్ వేశాను. గుద్దడం తర్వాత సంగతి, మా నేవీ అంతా బావని తిట్టడానికి ఒకే పక్కకి వచ్చేసింది. పడవ తిరగబడింది. కమాండర్ తప్ప అందరూ ఈదుకుంటూ వెళ్ళిపోయారు.

ఉప్పునీళ్ళు కడుపునిండా తాగాక ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. చూస్తే శత్రువు.

"యుద్ధం కేన్సిల్! ఎవరైనా తువ్వాలు తెండి!" అంటున్నాడు రహీమ్ భాయ్ మైకులో.

ఒడ్డుకి చేరాక తెలిసింది. బావ నా కోసం దూకేసరికి ఖాళీ పడవ కెరటాలకి కొట్టుకుపోయి, రాళ్ళకి తగిలి ముక్కలైపోయింది. ఆ ఇంటికి ఉన్నది ఆ పడవొక్కటే.

పోలమ్మ నాన్న ముక్కలకేసి చూశాడు.

"పడవొదిలేసినోడికి పిల్లనెలాగిత్తాం? రేపు దానికేటి పెడతాడు?"

బావ తడిబట్టలతో నా పక్కనే నిలబడి తలొంచుకున్నాడు. నన్ను తప్పుపట్టనూ లేదు. నాకు మాత్రం మునిగిపోయి ఉంటేనే బాగుండేదనిపించింది.

అప్పుడు పోలమ్మ నోరు విప్పింది.

"పడవ మళ్ళీ సేయించుకుంటాం అయ్యా. మనిసినొదిలేసొచ్చినోడైతే నాకొద్దు."

వేసవిలో పెళ్ళయింది. అదే తెల్ల ప్యాంటు వేసుకుని వెళ్ళాను.

నిన్న నన్ను చూడగానే పోలమ్మ బావురుమంది. చెయ్యి పట్టుకుని,

"ఆవేల మా అయ్య మాటినుంటే నాకీ ఏడుపుండీది కాదు కదన్నియ్యా" అంది.

అని, ఆ ఏడుపులోనే నవ్వేసింది. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం చాలాసేపు ఏడ్చాం.

వెళ్ళిరా బావా. పోలమ్మని మేం చూసుకుంటాం. నువ్వు ప్రశాంతంగా ఉండు.