ఉప్పు వెయ్యని గంజి

మొన్న మా మనవరాలు ఫోన్లో చూసి నేర్చుకుని అల్లిన గుండ్రటి క్రోషియా గుడ్డను తెచ్చి నా ఒళ్ళో వేసి, చుట్టూ కుచ్చుల అంచు ఎంత లేపినా నిలబడడం లేదు నానమ్మా, జగదల్‌పూర్‌లో గంజి డబ్బా దొరుకుతుందట, తెప్పించుకోనా అని అడిగింది. అల్లిక బాగానే ఉంది, అచ్చం నా చెయ్యే. గంజిని డబ్బాలో పెట్టి అమ్ముతున్నారని విని నవ్వాపుకోలేకపోయాను, ఆ నవ్వులోనే మా అత్తమ్మ గుర్తొచ్చింది.

నేను చర్ల వైపు నుంచి రాష్ట్రం సరిహద్దు అవతలి మద్దేడుకు కోడలిగా వచ్చేటప్పుడు పెట్టె అడుగున క్రోషియా సూదీ, తెల్లదారం ఉండలూ తెచ్చుకున్నాను. ఆ రోజుల్లో రేడియో మీదా, ట్రంకుపెట్టె మీదా ఇలాంటి గుడ్డ పరచడం ఎంత గొప్పో మీకు నేను చెప్పనక్కరలేదు. మా అత్తమ్మకు మాత్రం అది చేప కూడా పడని వల. నాట్లకు వచ్చినవాళ్ళందరికీ అలాగే చెప్పి నన్ను ఆటపట్టించేది, మళ్ళీ నేను అల్లుతూ కూర్చుంటే వంటపని తనే చూసుకునేది.

ఒక వానాకాలం, బీజాపూర్ ఆడపిల్లల హాస్టల్లో సిలాయి, అంటే కుట్టుపనీ, అల్లికా నేర్పడానికి మనిషి కావాలనీ, వచ్చేవాళ్ళు తమ చేతిపని ఒకటి తెచ్చి చూపించాలనీ కబురు తెలిసింది. నాకా ఉద్యోగం ఎంత కావాలనిపించిందంటే, ఆ రాత్రే మా ఆయనకు చెప్పేశాను. ఆయన నసిగాడు. అత్తమ్మే పోనిమ్మంది.

మరునాడు బయలుదేరాలనగా, అన్నం వార్చిన గంజి కాస్త చిక్కగా తీసి ఉంచమని అత్తమ్మకు చెప్పి పొలానికి వెళ్ళొచ్చాను. గుడ్డ అందులో ముంచి, పిండి, గోనెసంచి మీద సాగదీసి చుట్టూ తుమ్మముళ్ళు గుచ్చాను. గుండుసూదులైతే తడికి తుప్పు మరక పడుతుంది మరి. కుచ్చులు ఒక్కొక్కటీ వేలితో నిలబెట్టి, నిప్పుల సెగకు ఆరబెట్టాను. ముళ్ళు తీసి చేతిలోకి తీసుకునేసరికి అంచంతా నానిన అప్పడంలా వాలిపోయింది. మళ్ళీ సెగ చూపించినా అంతే, చల్లారగానే మెత్తబడుతోంది. అనుమానం వచ్చి నాలిక చివర ఆనించి చూస్తే ఉప్పన!

గంజి అంటే మా ఇంట్లో తాగడానికే కదా, అలవాటు కొద్దీ అత్తమ్మ గుప్పెడు ఉప్పు వేసేసింది. ఆ ఉప్పు వానగాలిలోని చెమ్మనంతా పీల్చుకుంటుంటే గుడ్డ ఎలా గట్టిపడుతుంది? నాకు ఏడుపు వచ్చేసింది. అత్తమ్మ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏందే, ఉప్పు లేకుంటే గంజి ఎట్లయితది అనుకున్న. నీ గుడ్డ నోరు లేనిదని నాకేం ఎరుక? ఏడ్వకు, మళ్ల ఉడకేద్దాం."

గుడ్డను మంచినీళ్ళలో ఉతికి ఉతికి ఉప్పంతా వదిలించాం. ఆవిడ పిడికెడు బియ్యం మెత్తగా ఉడికించి, బట్టలో వడగట్టి చిక్కటి గంజి తీసింది, ఉప్పు కుండను ఎడంగా జరిపింది కూడా. చెంబులో నిప్పులు పోసి మధ్యభాగాన్ని ఇస్త్రీ చేశాను. అంచు సంగతి అత్తమ్మ చూసుకుంది. కలుపు తీసి మొద్దుబారిన ఆ వేళ్ళను ఒక్కో కుచ్చులో దూర్చి, అది ఆరేదాకా సెగ ముందు కదలకుండా కూర్చుంది. కాలుతుంది ఇటివ్వమన్నా ఇవ్వలేదు.

బీజాపూర్‌లో పెద్ద మేడం ఆ గుడ్డను బల్ల మీద పెట్టి అంచును అరచేత్తో అణచి చూసింది. చెయ్యి తియ్యగానే అది లేచి నిలబడింది. ఉద్యోగం నాదైంది. ఆ వారం సంతలో అత్తమ్మ తెలుగులోనూ, గోండీలోనూ, తనకు సరిగా రాని హిందీలోనూ మా కోడలు మేడం అయిందని చాటింపు వేసింది. నా దగ్గర అల్లిక నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకు నేర్పుతున్నారంటే ఈ వయసులోనూ ఛాతీ ఉప్పొంగుతుంది, దాచుకోను.

ఆ తరువాత అత్తమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ, నేను సూది పట్టని రోజుల్లో కూడా, గంజి వార్చగానే ఉప్పు చేతిలోకి తీసుకుని, నీ గుడ్డకు తియ్యాల్నా అని అడిగేది. ఇప్పుడు మా ఇంట్లో అన్నం కుక్కర్లో ఉడుకుతోంది, వార్చే పనే లేదు. ఉప్పు వేసే ముందు ఆగి నన్ను అడిగే మనిషీ లేదు.