రూతమ్మ ఆంటీ కొన్న రౌటర్

కొత్త రౌటర్ పెట్టె విప్పగానే వచ్చే ప్లాస్టిక్ వాసనకు నాకు ఇప్పటికీ రూతమ్మ ఆంటీ గుర్తుకొస్తుంది. నిన్న రాయ్‌పూర్‌లో మా ఆఫీసులో అలాంటి పెట్టె విప్పినప్పుడూ అంతే. నాతో పనిచేసేవాళ్లెవరూ ఆమెను చూడలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, భిలాయి ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరై, అక్కడి ఉక్కు టౌన్‌షిప్‌లో సెక్టర్ 2 క్వార్టర్లో ఉండేది. కంప్యూటర్ల గురించి ఆమెకు తెలిసింది తక్కువ. అయినా నెట్‌వర్కులు పెట్టే ఈ పని నాకు నేర్పింది ఆమే.

ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన తొలి ఏళ్లు. ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తోంది. మాది భిలాయిలోనే రిసాలి. డిప్లొమా ముగించి ఒక కంప్యూటర్ షాపులో చేరి రెండు నెలలైంది. ఒకరోజు ఆంటీ షాపుకు రాగానే, తెలుగు వచ్చు కదా అని యజమాని నన్ను పిలిచాడు. ఆమె కౌంటర్ మీద ఒక కాగితం పరిచింది. పెన్సిల్‌తో గీసిన తన ఇల్లు. ముందు గదిలో టెలిఫోన్, వెనక గదిలో మంచం, మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా.

"మా ఆయనకి పక్షవాతం వచ్చిందమ్మా. కాలు ఈడ్చుకుంటా గోడ పట్టుకుని నడుస్తన్నారు. నేల మీద వైరుంటే తగిలి పడిపోతారు. అందుకే వైరు లేని నెట్టు కావాల. మంచం కాడ మన తెలుగు పేపరు చదూకుంటారు," అంది.

ఆమె దగ్గరున్నది అల్లుడిచ్చిన పాత ల్యాప్‌టాప్. వైర్‌లెస్ అందుకోవాలంటే దాని పక్కనున్న సందులో ఒక కార్డు దూర్చాలి. నేనొక రౌటర్, ఒక కార్డు తీసి ముందు పెట్టాను.

"ఇవి ఈ గోడలు దాటతాయా?"

"దాటుతాయాంటీ," అన్నాను, పెట్టె మీది అక్షరాలైనా చదవకుండా.

ఆమె వాటిని కొనుక్కెళ్లి, రెండు రోజులకే తిరిగొచ్చింది. ముందు గదిలో బాగానే వస్తోందట, మంచం దగ్గరికి వెళితే పోతోందట. "ల్యాప్‌టాప్ పాతది కదా, లోపం దానిదే," అన్నాను. ఆమె కోప్పడలేదు. నా ముఖంలోకి చూసింది.

"తెలిసి చెప్తన్నావా, అనుకుని చెప్తన్నావా?"

"అనుకునే చెప్పానాంటీ," అన్నాను.

"నేనూ ఉద్యోగం కొత్తలో ఓసారి తెలవకుండానే తెలుసన్నాను. ఆ రోగి బతికేడు గానీ, నాకు మూడు రోజులు అన్నం దిగలేదు. తెలవకపోతే తెలవదను. చూసి చెప్తానను. అందులో సిగ్గేటి?"

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. అంకుల్ మంచం మీద కూర్చుని నా చేతులకేసి ఆశగా చూస్తున్నారు. బీరువా చాటునున్న రౌటర్‌ని పై అరలోకి మార్చాను. కొంత నయం, అయినా తెగిపోతోంది. అప్పుడు కార్డు పెట్టె తీసి చదివాను. అది ఒకే గదిలో వాడుకునే చిన్న రకం. ఆ సంగతి దాని మీదే రాసి ఉంది.

మర్నాడు ఆంటీ షాపుకొచ్చినప్పుడు, ఆమె ఎదుటే యజమానితో తప్పు నాదని చెప్పాను. ఆయన మండిపడి, రేపటి నుంచి రావద్దన్నాడు. ఆంటీ కుర్చీలోంచి లేవకుండానే తన శ్రీకాకుళం యాస హిందీలో అంది: "భయ్యా, ఈ పిల్ల తన తప్పు తనే ఒప్పుకుంది. ఇకమీద నేనేం కొన్నా ఈ పిల్ల చేతే కొంటాను." ఆయన కాసేపు గొణిగి, బయటికి యాంటెన్నా ఉన్న కార్డు తీసిచ్చాడు. నా ఉద్యోగం నిలిచింది.

ఆ కార్డుతో వెనక గదిలో పేపరు తెరుచుకుంది. అంకుల్ మొద్దుబారిన నాలుకతో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వంశధార నదికి నీళ్లొచ్చిన వార్త పైకి చదివారు. ఆంటీ గుమ్మం దగ్గర నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత రోజూ పొద్దున్నే ఆయన గోడ పట్టుకుని ముందు గదిదాకా నడిచి, రౌటర్ స్విచ్ తనే వేసేవారట. అడ్డొచ్చే వైరు లేదు. అది చెప్పడానికే ఆమె ఒకరోజు షాపుకు వచ్చింది.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. నేను కాలేజీలకూ ఆఫీసులకూ నెట్‌వర్కులు పెడుతున్నాను. పోయిన నెల ఒక ప్రిన్సిపాల్ మీటింగులో అందరి ముందూ, హాస్టల్‌దాకా సిగ్నల్ వస్తుందా రాదా, ఒక్క మాటలో చెప్పమన్నారు. "తెలియదండీ, చూసి చెబుతాను," అన్నాను. ఆయన ముఖం చిట్లించారు. ఆ మాట అనడానికి నా గొంతు తడబడటం మానేసి చాలా ఏళ్లయింది.