చిట్టి మందు మాన్పించింది నేనే

మా ముత్తాతగారు విజయనగరం వైపు మూడు గ్రామాలకు మొఖాసాదారు. ఆయన ఎదుట ఎవరూ చెప్పులతో నడిచేవారు కాదు. తాతగారి కాలానికి గ్రామాలు పోయాయి, నాన్నగారి కాలానికి ఇల్లు పోయింది. నాకు మిగిలినవి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఒక క్వార్టరు, ఇంటిపేరు చెక్కిన వెండి ఉగ్గుగిన్నె, ఎవరి ముందూ వంగని మెడ. ఆ మెడ కోసం చేసిన పనిని పాతికేళ్లుగా మోస్తున్నాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల చివర మా చెల్లెలు సావిత్రి, భర్త పోయాక, ఆరేళ్ల కూతురు చిట్టితో నా దగ్గరికి వచ్చేసింది. బావ టీబీతో పోయాడని అందరికీ చెప్పాం, మేమూ అదే అనుకున్నాం. చిట్టికి ఎప్పుడూ జ్వరం, దగ్గు. నాగ్‌పూర్‌లో ఒక పిల్లల డాక్టరు రక్తం పరీక్ష చేయించి నన్ను ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. తండ్రి జబ్బు తల్లికి, తల్లి నుంచి బిడ్డకు వచ్చిందన్నారు. ఆ పేరు రాయడం ఇదే మొదటిసారి. హెచ్.ఐ.వి. సావిత్రితో మాత్రం రక్తంలో దోషం అన్నాను.

జబ్బును అదుపుచేసే మందులు అప్పట్లో మాకు అందేవి కావు. అయితే న్యుమోనియా రాకుండా ఒక సిరప్ ఉంది. రోజూ పట్టాలి, మానకూడదు, నెలనెలా పిల్లను తీసుకొచ్చి చూపించాలి. సావిత్రి దాన్ని ఉగ్గుగిన్నెలో పోసి తాగించేది. మూడు నెలల్లో పిల్ల రెండు కిలోలు పెరిగింది.

నేను రైల్వే ఉద్యోగులకు ఉచిత ప్రయాణం పాసులు రాసే సెక్షన్‌లో గుమాస్తాను. కాలనీలో ఎవరు ఎవరిని వెంటబెట్టుకుని ఏ ఊరు వెళ్తున్నారో నా రిజిస్టరులో ఉండేది. మద్రాసుకు రెండుసార్లు పాసు రాయించుకున్న ఇంట్లో ఏ జబ్బు ఉందో ఊహించి, పక్క సీటు అప్పారావుతో గుసగుసలాడినవాణ్ణి. మా మూడో పాసు రాస్తుంటే అతనే తొంగి చూశాడు.

“ఏటండీ దొరవారూ, మళ్లీ నాగపూరే? కమలాపళ్లు తింతానికేనా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతనికి ఏమీ తెలియదు. కానీ అతని స్థానంలో నేనుంటే ఊహించి ఉండేవాణ్ణి.

టిక్కెట్టు కొనుక్కుని వెళ్లొచ్చు కదా అని మీరడగవచ్చు. రైల్వే మనిషి టిక్కెట్టు కొంటే అనుమానం ఇంకా పెరుగుతుందనుకున్నాను. అది సాకా? సాకే.

ఆసారి నాగ్‌పూర్‌లో డాక్టరు కొత్త సీసాలు ఇవ్వబోతే, తీసుకుంటే మళ్లీ రావాలి, మళ్లీ పాసు రాయాలి అని, ఇంట్లో ఉన్నాయన్నాను. బయట బల్ల మీద సావిత్రి, చిట్టి కూర్చుని ఉన్నారు.

“ఏటన్నారన్నియ్యా? మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?”

“ఇంక అక్కర్లేదన్నారు. నయమైపోయిందట.”

“మరి మందో?”

“ఉన్న సీసా అయిపోయాక మానెయ్యమన్నారు.”

“అచ్ఛా.” కాసేపు నన్నే చూసింది. “నువ్వు చెప్పీవంటే అంతేలే. మనింట్లో అబద్ధం ఆడినోళ్లు లేరు.”

సీసా అయిపోయిన మర్నాడు చిట్టి ఉగ్గుగిన్నె పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. “మావయ్యా, మందో?” అంది. అక్కర్లేదమ్మా అన్నాను.

నాలుగు నెలలు బాగానే ఆడుకుంది. ఆ నాలుగు నెలలూ నేను చేసింది తప్పు కాదనే అనుకున్నాను. వానలు పడ్డాక ఒకరోజు ఊపిరి అందలేదు. ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరమ్మ, పాత జబ్బేమైనా ఉందా, ఏ మందులైనా వాడారా అని హిందీలో అడిగింది. సావిత్రి నా వైపు చూసింది. పక్కన నిలబడ్డ కాంపౌండరు మా ఊరివాడు. ఏమీ లేదన్నాను. నాగ్‌పూర్‌లో చెప్పినది ఒక అబద్ధం, ఇది మరొకటి. మొదటిదాన్ని సరిదిద్దుకోవడానికి నాకు దొరికిన చివరి అవకాశం దగ్గర కూడా, పిల్ల రొమ్ము ఎగిరిపడుతూ ఉండగా, నేను చూసుకున్నది ఆ కాంపౌండరు ముఖాన్ని. ఆరో రోజున చిట్టి పోయింది.

సావిత్రి ఇంకో రెండేళ్లు బతికింది. అన్నయ్య లేకపోతే నా పిల్లని ఎవరు చూసేవారు అని ఇంటికి వచ్చిన ప్రతివారితోనూ అనేది. నేను తల ఊపేవాణ్ణి.

తర్వాత మంచి మందులు వచ్చాయి. పుట్టుకతో ఆ జబ్బున్న పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాలు చేసుకుంటున్నారని మొన్న పేపరులో చదివాను. ఆ మందులు వచ్చేదాకా చిట్టి నిలిచేదా? తెలియదు. తెలియకుండా చేసింది నేను.

క్షమించమని ఎవరిని అడగను? అడగవలసిన ఇద్దరూ లేరు. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. దానికి కూడా సిగ్గుగానే ఉంది.

ఉగ్గుగిన్నె ఇప్పుడు నా దగ్గర లేదు. సావిత్రి పోయిన ఏడాదే, ఇంటిపేరుతో సహా, ఇక్కడి తోర్వా బజారులో ఒక కంసాలికి అమ్మేశాను.