డాక్టరు గారికి పంపిన మెయిల్

మెయిల్ తిరిగొచ్చిందన్న కబురు ముందుగా నాకు చేరవేసింది కోదాడలో ఉండే మా చిన్న ఆడబిడ్డ. ఈ పొద్దున అత్తయ్య వాకిట్లో చాట పట్టుకుని, నా కళ్లకు ఆనని రాయిని బియ్యంలోంచి తీసి నాకే చూపిస్తుంటే ఆ రోజు గుర్తొచ్చి నవ్వాగలేదు.

అప్పట్లో అత్తయ్యకు ఎడమ కన్ను మసకబారుతూ ఉండేది. సూర్యాపేటలో తీయించిన స్కాన్ మెయిల్‌లో పంపితే, చూసి ఆపరేషన్ సంగతి చెబుతానన్నారు హైదరాబాదు డాక్టరు. సాయంత్రంలోగా అందితే ఒకరోజు ఆగుతారు, అందకపోతే ఆయన ఊరెళ్లిపోతారు, తిరిగొచ్చేదాకా ఆగితే చూపు దక్కదు. మిర్యాలగూడ ఇంట్లో ఆ వేళ ఉన్నది మేమిద్దరమే. నేనా, బడి మొహం చూడనిదాన్ని. మా నాన్న దయవల్ల ఇంట్లోనే తెలుగూ, ఇంగ్లిషు అక్షరాలూ వచ్చాయి. దేవుడి పటానికి దండం పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ అడ్రసు కొట్టాను. పక్కనున్న అత్తయ్య ఊరుకోలేదు.

"గదేంది, డాక్టర్ సాబ్ పేరు ఉత్తగ రాస్తున్నవ్? మన కన్ను బాగుచేసేటాయన. గారు పెట్టు."

నిజమే అనిపించింది. పేరు చివర 'గారు' చేర్చి పంపాను. బస్సులో ఎవరికేది పంపినా, ముట్టిందని అవతలివాళ్లు చెప్పేదాకా అత్తయ్య అన్నం తినదు. మెయిల్‌కూ అదే నియమం పెట్టుకుని, కంచం జరిపి కూర్చుంది.

కాసేపటికే ఆడబిడ్డ ఫోన్. ఆ ఖాతా తెరిచిపెట్టింది తనే కనుక తన ఫోనులోనూ కనిపిస్తుంది.

"వదినా, మర్యాద ఎక్కువై మెయిల్ వెనక్కొచ్చేసింది! ఎట్ గుర్తుకు అవతలున్నది ఊరనుకో, ఇవతలున్నది ఇల్లు. ఊరు దొరికింది గానీ, గారు అనే ఇల్లు అక్కడ లేదు కదా! ఇల్లు సరిగ్గా చెబితే స్కాన్ ముక్కలు ముక్కలై పోతుంది. మీ దగ్గర్నుంచి మా కోదాడకు ఒకటి హుజూర్‌నగర్ మీదుగా వస్తే ఇంకోటి సూర్యాపేట తిరిగి వచ్చినట్టు. అన్నిటికీ నంబర్లుంటాయి, అక్కడ వరసలో అతుక్కుంటాయి."

స్పీకరులో వింటున్న అత్తయ్య ఫోను లాక్కుంది. "నవ్వుడు ఆపి జర సక్కగ చెప్పే. నా కన్ను ముక్కలైతదా? ఒక్క ముక్క తప్పిపోతే?"

"అవతలి కంప్యూటరు అదొక్కటే మళ్లీ అడిగి తెప్పించుకుంటుందమ్మా."

"నయం. పొయినసారి గిన్నె ఈడ మరిసిపోయి అడగనన్న అడగలే నువ్వు. నీకన్న గదే నయం!"

'గారు' తీసేసి మళ్లీ పంపాను. పోయింది, తిరిగి రాలేదు. అయినా చూసేవాళ్లు చూశారో లేదో ఎలా తెలుస్తుంది? ఎండ వాలింది. నేను లోలోపల దేవుడిని తలుచుకుంటూనే ఉన్నాను. అప్పుడొచ్చింది జవాబు. రాసింది దవాఖానలో మెయిళ్లు చూసే ఆవిడ: "స్కాన్ అందిందమ్మా. డాక్టరు గారికి నేనే తీసుకెళ్లి చూపించాను. రేపే తీసుకురండి, భయం లేదు."

అత్తయ్య ఆ మూడు వాక్యాలూ నాతో మళ్లీ మళ్లీ చదివించుకుని, "ఆమె సల్లగుండాలె" అంటూ చారన్నం కలుపుకుంది.

మర్నాడు ఆపరేషన్‌కు వెళ్తే ఆవిడకు సెలవట. ముఖం చూడలేదు, పేరూ తెలియదు. మెయిల్ వెళ్లడానికి పట్టింది రెప్పపాటు కాలమే. ఆవిడ కుర్చీలోంచి లేచి డాక్టరు గది దాకా నడిచిన ఆ కాసేపే మా అత్తయ్యకు ఇన్నేళ్ల వెలుగైంది. దీపం పెట్టుకునేటప్పుడు మీరు కూడా ఆ తల్లిని ఒక్కసారి తలచుకోండి.