సోమవారం మౌనం

చాలా ఏళ్లుగా ఒక మాటను కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. పైకి చూస్తే నాకేం లోటు లేదు. నవ్వుతూనే ఉంటాను, నిద్ర కూడా బాగానే పడుతుంది. అయినా సోమవారం వచ్చిందంటే లోపల ఏదో కలుక్కుమంటుంది. ఎందుకో మీకు చెబుతాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్లీ చెప్పలేను.

ఛత్రినాకలో మాది ఉమ్మడి కుటుంబం. చార్మినార్ దగ్గర గాజుల దుకాణం. పొద్దున లేస్తే పిల్లల టిఫిన్లు, దుకాణంలో వాళ్లకు అన్నం డబ్బాలు, వచ్చేపోయే చుట్టాలు. సాక్సు కనపడకపోయినా నన్నే పిలిచేవాళ్లు, పక్కనే ఉన్న చెంబు అందుకోవడానికీ నన్నే పిలిచేవాళ్లు. వారం మొత్తంలో నాదంటూ ఒక పూట లేదు. అడిగితే ఇచ్చేవాళ్లేమో. అడగలేదు. మా ఇంట్లో ఆడది ఊరికే కూర్చుంటే బద్ధకమనేవాళ్లు, దేవుడి పేరు చెప్పి కూర్చుంటే దండం పెట్టేవాళ్లు. నాకు దారి దొరికింది.

ఒక ఆదివారం సాయంత్రం అత్తమ్మ దగ్గరికి వెళ్లి, ఇకమీదట సోమవారాలు పొద్దుగూకేదాకా మౌనం పాటిస్తానని చెప్పాను.

"ఎవరి కోసం మొక్కుకున్నవ్ బిడ్డా?" అని అడిగింది.

అంతదాకా ఆలోచించుకోలేదు. ఆమె మోకాలు పిసుక్కుంటూ కూర్చుంది. నా నోటికి అదే వచ్చింది.

"మీ మోకాళ్ల నొప్పి పోవాలని, అత్తమ్మా."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "నా కోసమా? మా అమ్మ పోయినంక నా కోసం ఎవ్వరు మొక్కలే బిడ్డా. నువ్వేం ఫికర్ చెయ్యకు. మౌనంల ఉన్నోళ్లు పొయ్యికాడికి రావద్దు. మీద గదిల కూసో. సోమవారం వంట నేను జూసుకుంట."

అక్కడే నిజం చెప్పాల్సింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి కూడా, ఒక్క పూటే కదా, ఎవరికి నష్టం, ఆమెకూ సంతోషమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని తల ఊపాను.

పై గదిలో తలుపు వేసుకుని దేవుణ్ణి ఒక్కసారి కూడా తలుచుకోలేదు. పాత వారపత్రికల్లో సీరియళ్లు చదివాను. మేడల మీద పావురాల్ని చూశాను. చాయ్ చల్లారకముందే తాగాను. ఎంత హాయిగా ఉండేదో! ఎవరూ పిలవకపోతే నా పేరు కూడా నాకు ముద్దొచ్చేది.

అత్తమ్మ నొప్పి మాట ఎత్తడం మానేసింది. "మా కోడలు మొక్కుకున్నది, నొప్పి మొత్తం పోయింది" అని వాడంతా చెప్పుకునేది. నేనూ నమ్మాను. నమ్మానా? నమ్మితే నాకు పని జరుగుతుంది కాబట్టి నమ్మాను.

ఒక సోమవారం మంచినీళ్ల కోసం మెట్లు దిగాను. వంటింట్లో ఆమె పీట మీద కూర్చుని, వేడి ఇటుకను గుడ్డలో చుట్టి మోకాలికి కాపడం పెట్టుకుంటోంది. మూలుగు బయటికి రాకుండా కొంగును పళ్ల మధ్య బిగించింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నన్ను చూడలేదు. ఆ నొప్పిని ఎవరి కోసం దాచింది? నా మొక్కు వట్టిపోయిందని తెలిస్తే నేను బాధపడతానని దాచింది. అది నాకు అప్పుడే అర్థమైంది.

లోపలికి వెళ్లి గరిటె అందుకుంటే సరిపోయేది. మాట కూడా అక్కర్లేదు. కానీ వెళితే నా సోమవారం పోతుంది. నీళ్లయినా తాగకుండా, చప్పుడు చేయకుండా పైకి వచ్చేశాను. పత్రిక తెరిచి, కథ ఎక్కడ ఆపానో వెతుక్కున్నాను. తర్వాతి సోమవారమూ అదే గదిలో కూర్చున్నాను. ఆమె మంచం పట్టేదాకా కూర్చున్నాను.

అత్తమ్మ ఇప్పుడు లేదు. ఖాళీ కావాలంటే ఇప్పుడు "కాసేపు కూర్చుంటా, పిలవకండి" అంటాను. ఎవరూ ఏమీ అనరు. ఇంత తేలికా అనిపిస్తుంది. సుఖంగానే ఉన్నాను. ఆ సోమవారాలు గుర్తొస్తే ఇప్పటికీ సంతోషమే కలుగుతుంది. సిగ్గు కూడా దానికే.

ఆమె బతికుంటే చెప్పేదాన్నా? చెబితే "నొప్పి నిజంగనే పోయింది బిడ్డా" అని నా కోసం ఇంకోసారి అబద్ధమాడేది. నేను హాయిగా నమ్మేసేదాన్ని. మీరు అలా అనరు కాబట్టే మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది.