చప్పుడు దూరమయ్యేదాకా

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడి ఉన్నాను. గుండె ఆగిపోయిందట. కాఫీ తాగి, పేపరు మడిచి పెట్టి, కుర్చీలోనే పోయాడు. "వచ్చేయప్పా" అంది అక్క. ఏడవలేదు. మా ఇంట్లో ఏడుపులు తక్కువ.

మంచివాడు పోయాడని ఇప్పుడు అందరూ అంటున్నారు. నిజమే. కానీ ఆ మంచితనాన్ని ఆయన ఆఫీసు ఏం చేసుకుందో చెప్పకుండా ఊరుకోవడం నాకు చేతకావడం లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

బావ హెలికాప్టర్లు నడిపేవాడు కాదు, బాగుచేసేవాడూ కాదు. జన్మలో ఒక్కసారి కూడా ఎక్కలేదు. అవి ఎలా ఎగిరాయో చూసేవాడు. హెలికాప్టర్‌లో ఒక పెట్టె ఉంటుంది. ఎంత ఎత్తున పోయింది, ఎంత వేగంగా పోయింది, ఎక్కడ ఉన్నట్టుండి వాలింది, అన్నీ అందులో నమోదవుతాయి. కూలిపోయాక ఆ పెట్టెను వెతుక్కోవడం కాదు, కూలకముందే చదవాలి అన్నది ఆయన పని. ఒక దేశంలో ఉన్న కొద్దిపాటి హెలికాప్టర్లను చూస్తే ఏమీ అంతుపట్టదు. అందుకని చాలా దేశాల వాళ్ళు మనుషుల పేర్లు, కంపెనీల పేర్లు తీసేసి, తమ వివరాలన్నీ ఒకచోట పోసి కలిసి చూసేవాళ్ళు. మన దేశం తరఫున చూసేవాళ్ళలో బావ ఒకడు.

మా వైపు టమాటాకు తెగులొస్తే ఒక్క చేను చూసి కారణం చెప్పలేం. పది ఊళ్ళ చేలు చూస్తే ఏ నారుతో వచ్చిందో తేలుతుంది. నాకు ఆ పని అలా అర్థమైంది. బావతో అంటే, "అంతేనప్పా. నువ్వు మా ఆఫీసుకు పో, నేను టమాటా పెట్టుకుంటా" అన్నాడు.

సాయంత్రాలు చందాపురలోని తన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నార్వే ఆమెతో, బ్రెజిల్ ఆయనతో మాట్లాడేవాడు. నార్వే ఆమె మాట్లాడుతుంటే వెనక కుక్క మొరిగేది. "కుక్కకు అన్నం పెట్టమను ముందు" అనేది మా అక్క వంటింట్లోంచి.

ఆయనకొక అలవాటు ఉండేది. ఇంటి మీదుగా హెలికాప్టర్ పోతే, తింటున్నా మాట్లాడుతున్నా చెయ్యి పైకెత్తేవాడు. అందరం నోరు మూసుకోవాలి. చప్పుడు పూర్తిగా దూరమయ్యాక చెయ్యి దించి, వదిలేసిన మాటను వదిలిన చోటే అందుకునేవాడు.

ఇంకొకటి, తప్పు చేశానని వచ్చి చెప్పినవాణ్ణి ఎప్పుడూ తిట్టేవాడు కాదు. ఒకసారి ఆయన స్కూటర్ తీసుకుపోయి అత్తిబెలె దగ్గర గోడకు గుద్దాను. వచ్చి చెప్పాను. "దెబ్బ తగిలిందా?" అన్నాడు. లేదన్నాను. "సరే కూర్చో. ఎట్ల జరిగింది చెప్పు" అన్నాడు. ఎండ ఏ పక్కనుంచి కొడుతోంది, ముందు ఏ బ్రేకు పట్టావు, గుద్దకముందు ఏమనుకుంటున్నావు, ఇదివరకు ఆ మలుపులో ఎప్పుడైనా జారావా. భోజనం వేళ అయినా వదలలేదు.

"రెండు దెబ్బలేసి పంపీ, వాడు సంతోషంగా పోతాడు" అంది అక్క.

"చెప్పినోణ్ణి కొట్టకూడదే" అన్నాడు బావ. "కొడితే ఇంకోసారి చెప్పడు. గుద్దడం మాత్రం మానడు."

ఆ మాట విన్నప్పుడు నాకు మా ఫ్యాక్టరీ గేటు గుర్తొచ్చింది. అక్కడ ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో రాసే బోర్డు ఉంది. రేకులు నొక్కే ప్రెస్సు మీద ఒకడి వేలు నలిగితే అంబులెన్సు పిలవరు. గుడ్డ చుట్టి, ఆటోలో వెనక గేటు గుండా పంపిస్తారు. బోర్డు మీద అంకె పెరుగుతూనే ఉంటుంది. ఈ సంగతి చెబితే బావ నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అన్ని చోట్లా అదే బోర్డు ఉండాదప్పా" అన్నాడు.

ఒక ఆదివారం నేను ఊరి నుంచి వేరుశనక్కాయలు తీసుకుని వెళ్ళేసరికి ఒక పైలట్ వచ్చి ఉన్నాడు. చింతామణి వైపు మనిషి, మన తెలుగే. ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడు. నన్ను చూసి మాట ఆపేశాడు. "మా బామ్మర్దే, చెప్పు" అన్నాడు బావ.

ఆ పైలట్ ఒక మోతుబరి ఆసామిని కొండల్లో ఉన్న ఎస్టేటుకు తీసుకుపోయాడు. దారిలో మబ్బు దిగింది. వెనక్కి తిప్పాల్సింది. వెనక కూర్చున్న ఆసామి మీటింగుకు ఆలస్యమవుతోందన్నాడు. ఇతను మబ్బు కిందికి దిగాడు. మబ్బు ఇంకా దిగింది, ఇతనూ ఇంకా దిగాడు. ఉన్నట్టుండి ఎదురుగా కరెంటు తీగలు కనిపించాయి. ఎలా పైకి లాగాడో అతనికే తెలియదు.

"ఆయప్ప ఫోన్లో మాట్లాడతా ఉన్నాడు సార్, చూడనే లేదు" అన్నాడు పైలట్. "నాకు తెలుసు. ఆ పెట్టెకు తెలుసు. ఇంట్లో నా పెండ్లాముకు కూడా చెప్పలేదు."

"రాసియ్యి" అన్నాడు బావ. "నీ పేరు బయటికి రాదు. ఇట్లాంటివి వేరే దేశాల్లో కూడా ఉండాయి. అన్నీ కలిపి చూస్తే రేపు ఇంకొకడు బతుకుతాడు."

"ఉద్యోగం సార్?"

"ఏం కాదు. నా మాట."

ఆ మాట నేను విన్నాను. బావ అబద్ధం చెప్పలేదు. చెప్పింది నమ్మే చెప్పాడు.

పైలట్ రాసిచ్చాడు. పేరు తీసేశారు, కంపెనీ పేరు తీసేశారు. నార్వే ఆమె, బ్రెజిల్ ఆయన కూడా ఇలాంటివే తెచ్చారు. ఆ దేశాల్లోనూ అదే కథ. మబ్బు కిందికి దూరడం, వెనక తొందరపెట్టేవాడు ఉండటం, తిప్పడానికి మనసు ఒప్పకపోవడం. బయలుదేరకముందే ఒక ఎత్తు అనుకోవాలి, అంతకంటే దిగాల్సి వస్తే ఎవరేమన్నా వెనక్కి తిప్పేయాలి, ఇలా ఒక పద్ధతి తయారుచేశారు. ఎక్కడెక్కడో పైలట్లకు దాన్ని నేర్పుతున్నారని బావ సంబరంగా చెప్పాడు.

కానీ పేరు తీసేస్తే మనిషి కనబడకుండా పోవడానికి ఇక్కడేమైనా వందల హెలికాప్టర్లున్నాయా? ఆ వానల్లో ఆ కొండల వైపు పోయింది అదొక్కటే. పద్ధతితో పాటు ఆ కాగితం అన్ని కంపెనీలకూ పోయింది, అతని కంపెనీ వాళ్ళు చదవగానే గుర్తుపట్టారు. అతన్ని తీసేశారు. ఇంకో కంపెనీ కూడా పెట్టుకోలేదు. దేశాలన్నీ కూర్చుని పేర్లు తీసే పద్ధతి పెట్టుకున్నాయి. ఇక్కడ లెక్క ఎంత చిన్నదో బావ ఆలోచించలేదు.

బావ ఆ కంపెనీకి పోయి వాదించాడు. తన పైవాళ్ళ దగ్గరికి పోయాడు. "మీరెందుకు మాటిచ్చారు?" అని అడిగారు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని పైలట్ ఇంటికి పోయాడు. అతని భార్య వాకిట్లోనే ఆపింది.

"మీ మాట నమ్మినందుకు కూడు పోయింది సార్. ఇంకేం చెప్పించుకోను వచ్చినారు?"

బావ ఆమెకు దణ్ణం పెట్టి వెనక్కి తిరిగాడు. 

ఆ తర్వాత పైలట్లు చెప్పడం మానేశారు. పెట్టెల్లోంచి వచ్చే వివరాలు కూడా, యంత్రం చెడిపోయిందనీ ఇంకోటనీ కంపెనీలు చెప్పే సాకులతో, తగ్గుతూ వచ్చాయి. ఆఫీసులో గోడ మీద ఆ లెక్కలు చూపే గీత కిందికి దిగింది. ప్రమాదపు సూచనలు తగ్గిపోయాయని కేకు కోశారు. బావ తినలేదు. "తగ్గలేదు, నోర్లు మూసుకున్నారు" అని అందరి ముందూ అన్నాడు. కొన్నాళ్ళకు ఆయన్ని అక్కడి నుంచి తీసి క్యాంటీన్, బస్సుల కాంట్రాక్టులు చూసుకోమన్నారు. రిటైరయ్యేదాకా ఇడ్లీలో ఉప్పు తక్కువైందన్న ఫిర్యాదులు విన్నాడు. "వీళ్ళు మాత్రం దాచకుండా చెప్తారప్పా" అనేవాడు.

మధ్యలో ఒక హెలికాప్టర్ మబ్బులో కొండకు తగిలింది. ఎవరూ మిగల్లేదు. టీవీలో చూసి బావ కట్టేశాడు. "ఈ పైలట్ ఇంతకుముందు కూడా మబ్బు కిందికి దూరింటాడు. వాని స్నేహితులకు తెలిసింటాది" అన్నాడు. ఆ పూట పళ్ళెం ముందు కూర్చుని లేచిపోయాడు.

పదకొండో రోజు కర్మకు ఆ పైలట్ వచ్చాడు. ఇప్పుడు అత్తిబెలె దగ్గర ఒక లారీల యార్డులో బండ్లు పంపించే పని చేస్తున్నాడు. అక్క అతన్ని చూసి, "వచ్చినావా అప్పా" అంది.

"రాకుండా ఎట్లక్కా? సారు నెలనెలా యార్డుకొచ్చి నిలబడుతుండె. టీ తాగి పోతుండె. తప్పయిందని ఒక్కసారి కూడా అన్లేదు. అనింటే ఇంక రావద్దని చెప్పింటా."

ఇంటి ముందు షామియానా వేసి ఆకులు వేశాం. సన్నగా తుంపర పడుతోంది. ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. భోజనాలకు ముందు లేచి నిలబడి బావ గురించి మాట్లాడాడు. బావ హయాంలోనే ప్రమాదపు సూచనలు బాగా తగ్గాయని, అది ఆయన ఘనతేనని, బయటి దేశాల వాళ్ళు కూడా మెచ్చుకున్నారని అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. బావ కేకు ముట్టని ఆ రోజు ఈయన అక్కడే ఉన్నాడు. నేను పైలట్ వైపు చూశాను. అతను ఆకు మీద నీళ్ళు చల్లుకుని, చేత్తో తుడుస్తూ ఉన్నాడు. తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

అన్నం కలుపుతుండగా చప్పుడు వినిపించింది. మబ్బు బాగా కిందికి ఉంది. హెలికాప్టర్ దాని కిందినుంచి, నేను ఎప్పుడూ చూడనంత కిందుగా హోసూరు వైపు పోతోంది. షామియానా గుడ్డ కొట్టుకుంది. పైలట్ కలిపిన ముద్ద వదిలేసి లేచి బయటికి వచ్చాడు.

"కిందికి దూరతా ఉండాడు" అన్నాడు. మాతో కాదు. "తిప్పప్పా. వెనక్కి తిప్పు."

"ఎవరిదో ఏమో, కూర్చోండి, చల్లారిపోతుంది" అన్నాడు ఆఫీసాయన.

చప్పుడు సన్నబడి ఆగిపోయింది. దూరం పోయిందో, దిగిందో, ఇంకేమైనా అయిందో మాకు తెలియలేదు. ఇదివరకైతే మర్నాడు బావను అడిగేవాళ్ళం. పైలట్ వానలో అలాగే నిలబడ్డాడు. చేతికంటిన మెతుకులు తడిసి జారుతున్నాయి. ఎవరో ఏదో మాట మొదలుపెట్టబోయారు. నేను ఇంటి వైపు తిరిగాను. గడప లోపల చాప మీద కూర్చున్న అక్క చెయ్యి పైకెత్తి ఉంది.